నాకాకు అవతల వేరు, ఇవతల ఉమ్మడి

బావ పోయిన కబురు నాకు ఫోనులో వచ్చింది. హైదరాబాదు సుల్తాన్ బజారులో ఒక మందుల ఏజెన్సీలో ఫోను ముందు కూర్చోవడం నా నౌకరి. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా రిసీవరు నా చెవికే ఉండేది. సెలవు రోజున కూడా చేతికి ఏదో వెలితిగా అనిపించి, ఎదురింటి డాక్టరు గారి ఫోను దగ్గర తచ్చాడేవాణ్ణి. "వీనికి పిల్లనియ్యాలంటే తీగకు కట్టియ్యాలె" అనేది అమ్మ.

ఆ రోజు సూర్యాపేట తపాలా ఆఫీసు నుంచి ట్రంకు కాల్ అన్నారు. మాట్లాడింది బావ వాళ్ళ అన్న. మేమంతా పెద్దబావ అంటాం.

"బామ్మర్దీ, తమ్ముడు పోయిండయ్యా. మీ అక్క గురించి మీరేం ఫికర్ పెట్టుకోకండి. మా ఇంట్లోనే ఉంటది. అంతా నేను చూసుకుంటా."

అంతే, లైను కట్ అయింది. పోయిన మనిషి ఎట్లా పోయాడో చెప్పకముందే ఉన్న మనిషి ఎక్కడ ఉంటుందో చెప్పాడు. జ్వరమని మాకు కోదాడ వెళ్ళాకగానీ తెలియలేదు. నా అనుమానం మాత్రం ఆ ఫోను దగ్గరే మొదలైంది. ఇది జరిగి ఎక్కువ కాలం కాలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి గట్టిగా పడి పాళీ వంగుతోంది.

అది నలభై తొమ్మిది. పోలీసు చర్య అయిపోయి మిలిటరీ సర్కారు నడుస్తోంది. నల్లగొండ జిల్లాలో ఎవరు ఎవరిని చూసినా ముందు అనుమానమే. పట్నం క్రాపు, ప్యాంటు వేసుకున్న పడుచువాడు బస్సులో కనిపిస్తే ఊరికే పోనివ్వరు. పెద్దకర్మకు మళ్ళీ వెళ్తుంటే సూర్యాపేట దగ్గర బస్సు ఆపి ఒక జవాను నన్ను కిందికి దింపాడు.

"యాడికి?"

"కోదాడ. అక్క ఇంటికి."

"బావ ఏం జేస్తడు?"

"సచ్చిపోయిండు."

"ఎవలు సంపిండ్రు?"

"జ్వరం!" అని అరిచాను. అరిచినందుకు ఇంకో గంట అక్కడే నిలబెట్టారు.

బావకు పిల్లలు లేరు. ఆయన వెనక మిగిలింది మూడు చోట్ల ఉంది. కోదాడలో తండ్రి కట్టిన ఇల్లు. ఒకే వాకిలి, నడిమిట్ల బావి, అటు సగం పెద్దబావ, ఇటు సగం బావ. మిర్యాలగూడలో ఒక ఆముదం మిల్లులో వాటా. మూడోది, సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో ఒక కొట్టు. మొదటి రెండూ హైదరాబాదు స్టేటు కింద, మూడోది మద్రాసు కింద. కోదాడ నుంచి జగ్గయ్యపేటకు బస్సెక్కి చుట్ట వెలిగిస్తే అది ఆరకముందే దిగొచ్చు. మధ్యలో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకా ఒకటి ఉంటుంది. ఆ నాకా దాటితే కోర్టు వేరు, కానూను వేరు, కాగితం మీద ముద్ర వేరు.

పెద్దకర్మ రోజు నేను అక్కడే ఉన్నాను. మైల తీరే రోజున ఆ ఇంట్లో కుండలన్నీ బయట పారేసి, పొయ్యి పగలగొట్టి, గోడలకు సున్నం వేసి, మళ్ళీ కొత్త మట్టితో పొయ్యి పెట్టుకుని పాలు పొంగించడం వాళ్ళ ఆచారం. అక్క వంటింట్లో కుండలు పోయాయి, పొయ్యి పగిలింది, సున్నం పడింది. కొత్త పొయ్యి రేపో మాపో పెడతారనుకుని నేను పట్నం వెళ్ళిపోయాను.

రెండు నెలలకు "జర వచ్చిపో" అని అక్క మనిషితో కబురు చేసింది. వెళ్ళేసరికి అక్క వంటింట్లో పొయ్యి లేదు. తెల్లటి గోడలు, గది నిండా వడ్ల బస్తాలు. అక్క అన్నం పెద్దబావ ఇంటి నుంచి వస్తోంది.

పెద్దబావ అరుగు మీద కూర్చుని పుగాకు నలుపుతున్నాడు. మనిషి నెమ్మది. గొంతు ఎప్పుడూ పెంచడు. అట్లాంటి వాళ్ళంటేనే నాకు మంట.

"అక్క పొయ్యి ఏమైంది పెద్దబావా?"

"ఒక్క మనిషికి ఒక పొయ్యెందుకయ్యా? మా ఎసట్లో ఇంకో గుప్పెడు పడితే సరిపోద్ది. పైగా ఏడాది తిరిగేదాకా కొత్త పొయ్యి పెట్టొద్దన్నాడు అయ్యగారు."

"ఏ అయ్యగారు?"

"అయ్యగారంటే అయ్యగారే."

"మరి గదిల వడ్లెందుకు పోసిండ్రు?"

"ఖాళీగా ఉంటే ఎలుకలు చేరతయి."

"వడ్లుంటే ఎలుకలు పోతయా, వస్తయా?"

ఆయన నవ్వాడు. "పట్నం పిల్లగాడివి. ఎలుకల సంగతి నీకేం ఎరుక? కూర్చో, మజ్జిగ తాగు."

మజ్జిగ తాగలేదు. లోపలికి వెళ్ళి అక్క ముందు కూర్చున్నాను. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పట్నంలో పుట్టి పెరిగినా ఈ ఊళ్ళో పూర్తిగా కలిసిపోయింది.

"తిండి మంచిగనే పెడ్తుండ్రా?"

"మంచిగనే పెడ్తుండ్రు తమ్మీ. గదే నాకు భయమైతాంది" అంది గొంతు తగ్గించి. "మా తోటికోడలు ఇన్నేండ్లల్ల నాకు పచ్చిపులుసు చుక్క పోసినామె కాదు. ఇప్పుడు దినాం నెయ్యి ఏస్తాంది. ఎందుకేస్తాంది?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు సూర్యాపేటలో దొరికింది. అక్కడ ఒక వకీలును పట్టుకున్నాను. ఉర్దూ కాగితాల కట్టల వెనక నుంచి ఆయన తల మాత్రమే కనిపించేది.

"అన్నదమ్ములిద్దరు వేరు పడ్డరా, ఉమ్మడిల ఉన్నరా?" అన్నాడు.

"వేరే. పొయ్యిలు వేరు, లెక్కలు వేరు."

"పంపకం కాగితం రాసుకున్నరా?"

"లేదు. పొయ్యిలు వేరైనయి, గంతే."

"మనోళ్ళంత గంతే" అన్నాడు ఆయన విసుగ్గా. "ఇను. ఉమ్మడిల ఉండంగ కొడుకు లేకుండ పోతే తమ్ముని వంతు అన్నకే పోతది. మీ అక్కకు తిండి, బట్ట. వేరు పడ్డట్టు రుజువైతే ఆయన వంతంత మీ అక్కది. గిది మన దిక్కు కానూను."

"జగ్గయ్యపేట కొట్టు?"

"గాడ మద్రాసు కానూను. ఉమ్మడిల ఉన్నా సరే, పెనిమిటి వంతు పెండ్లానికొస్తది. కొన్నేండ్ల కిందనే చేసిండ్రు గాడ. మనదాక ఇంకా రాలే."

అంటే నాకా అవతల మా అక్క వారసురాలు. ఇవతలికి వస్తే తిండికి కూర్చున్న మనిషి. ఈ రెంటికీ మధ్య అడ్డం ఉన్నది ఒక్క పొయ్యి. ఆ పొయ్యిని ఆచారం పేరుతో పగలగొట్టి, తిరిగి పెట్టనివ్వకుండా, నెయ్యి వేసి అన్నం పెడుతున్నారు. ఒకే పొయ్యి మీద తింటున్నారంటే ఉమ్మడి కుటుంబమే కదా!

లేచి వస్తుంటే వకీలు "పెద్దాయన మంచిగున్నడా?" అన్నాడు. నా కాళ్ళు ఆగిపోయాయి.

"మీకు ఆయనెట్ల ఎరుక?"

"సూర్యాపేటల నాకు ఎరుక లేనోడెవడయ్యా?"

ఈయన కూడా ఆయన మనిషేనా? కానూను సరిగ్గానే చెప్పాడా? పట్నంలో మా ఏజెన్సీకి తరచూ ఫోను చేసే పెద్ద వకీలు ఒకాయన ఉన్నాడు. నేరుగా తపాలా ఆఫీసుకు వెళ్ళి ట్రంకు కాల్ బుక్ చేశాను. బల్లల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. చాలాసేపటికి లైను దొరికింది. అవతలి మాట నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తోంది. నేను అరవక తప్పలేదు.

"పొయ్యి! అవునండి, పొయ్యి! వంట పొయ్యి! పగలగొట్టిండ్రు! రెండుండె, ఒకటయింది!"

ఆయన అదే కానూను చెప్పాడు. సూర్యాపేట వకీలు అబద్ధమాడలేదు. కానీ నేను ఫోను పెట్టేసేసరికి ఆ గదిలో అందరూ నావైపే చూస్తున్నారు. సాయంత్రం కోదాడలో బస్సు దిగుతుంటే పెద్దబావ ఎదురొచ్చి, "పొయ్యి కోసం పట్నానికి ఫోను చేసినవంట గదా! చెప్పకపోయినవా, ఇక్కడ పొయ్యిలు చౌక" అన్నాడు.

నేను ఇల్లు చేరేసరికి ఆ మాట అక్కకూ అందింది. ఆమె మాత్రం నవ్వలేదు. "నీ నోరు, నీ ఫోను రెండు ఒక్కటే. ఇగ నుంచి ఏదున్నా నోట్లె పెట్టుకో" అంది.

వేరు పడ్డారనే సాక్ష్యం వెతుక్కుంటూ మర్నాడు మిర్యాలగూడ వెళ్ళాను. మిల్లు బయట ఆముదాల గుట్ట మీద కూలీలు తూర్పారపడుతున్నారు. బావతో పొత్తు కలిసిన మిల్లు యజమాని నన్ను చూసి లేచి నిలబడి, కుర్చీ తుడిచి, చాయ్ తెప్పించాడు. అంత మర్యాద చూసి నాకు మరింత అనుమానం వచ్చింది.

"మీ పెద్దబావ వచ్చి పోయిండు. తమ్ముని వాటా ఇగ తనదే అన్నడు. కోర్టు ఎవలకియ్యిమంటే వాళ్ళకిస్త అన్న."

"ఈ వాటా పెట్టినప్పుడు పెద్దబావ ఉన్నడా?"

"లేడు. మీ బావ ఒక్కడే."

"గీ మాట కోర్టుల చెప్తరా?"

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "చెప్ప. మీ పెద్దబావ సేను ఆముదాలు మా మిల్లుకే వస్తయి. నువ్వు పట్నం పోతవ్ బాబూ, నేనీడనే ఉండాలె."

కోపంతో చాయ్ సగంలో వదిలేసి లేచాను. కనీసం నిజం చెప్పాడు కదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

మిగిలింది జగ్గయ్యపేట. నాకా దగ్గర సిపాయి నా సంచి కుమ్మరించి, తువ్వాలు మడతలు కూడా విప్పి చూశాడు. ఏం దొరక్కపోయినా నన్ను వదలబుద్ధి కాలేదు. "ఏం లేకుండ అటెందుకు పోతున్నవ్?" అన్నాడు. దానికి నేనేం చెప్పాలి!

బావ కొట్టులో ఒకాయన ఇత్తడి సామాను అమ్ముతున్నాడు. అద్దెకున్నవాడు. నేనెవరో చెప్పగానే తల పైకెత్తి కప్పు చూపించాడు.

"చూడండి బాబూ, పోయిన వానాకాలం నుంచీ కారుతోంది. మీ బావగారు మంచంలో ఉన్నారని, ఇటొచ్చిన పెద్దాయనకి చెప్పా. 'అది నా తమ్ముడి కొట్టు, మేం ఎప్పుడో వేరు పడ్డాం, నాకేం సంబంధం' అన్నారు. సరే అనుకున్నా. తమ్ముడు పోయిన నెల తిరక్కుండా వచ్చి 'మాది ఉమ్మడి, అద్దె నాకివ్వు' అంటారు! కప్పు బాగు చెయ్యాలంటే వేరూ, అద్దె తీసుకోవాలంటే ఉమ్మడీనా? ఇదెక్కడి లెక్కండీ?"

నాకు ఆయన్ను కావలించుకోవాలనిపించింది. "ఈ ముక్క సూర్యాపేట కోర్టులో చెప్పండి. ఖర్చు నాది, బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోత."

"నైజాంలోకా?" ఆయన చేతిలోని చెంబు కింద పెట్టేశాడు. "అమ్మో! నేను రానండీ. ఆ గొడవల్లో మా బంధువొకాయన అటు వెళ్ళి ఇప్పటికీ రాలేదు. ఇక్కడ ఏ కోర్టులో చెప్పమన్నా చెబుతా. నాకా మాత్రం దాటను."

సూర్యాపేట వచ్చి వకీలుకు చెప్పాను. ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ఈడి సమను గాడ చెల్లదు. మన కోర్టు గాడి కోర్టుకు రాయాలె, గాడోళ్ళు ఆయనను పిలిచి అడగాలె, జవాబు ఇటు రావాలె. సర్కార్లే ఇంకా సర్దుకోలే. నీ గడ్డం నెరుస్తది."

నిజం నాకాకు అవతల ఉండిపోయింది. దాన్ని ఏ సంచిలో పెట్టుకుని తేవాలో తెలియలేదు.

చివరికి వకీలు అక్క పేరున దావా వేసి, ఒక దారి చూశాడు. ఇల్లు చూసి, ఇంట్లో మనుషులను అడిగి, రాసుకు రావడానికి కోర్టు తరఫున ఒక కమిషనరును పంపమని దరఖాస్తు పెట్టాడు. కోర్టు ఒప్పుకుంది. పెద్దబావ కూడా ఒక్క మాట అడ్డం చెప్పలేదు. "రానియ్యండి. మా ఇంట్లో దాచుకునేదేముంది?" అన్నాడు. నాకు భయం వేసింది.

వడ్ల బస్తాలు బయట పడేసి, నాలుగు ఇటుకలు తెచ్చి పొయ్యి పెట్టేస్తానన్నాను. వకీలు బల్ల మీద కొట్టాడు. "పెట్టు! దావా కోసం నిన్న పెట్టిన పొయ్యి అని రాయించుకుంటడు. మట్టి సుత ఆరి ఉండదు. ఊకో."

ఇరుగుపొరుగు వాళ్ళను అడిగాను. అందరికీ తెలుసు రెండు పొయ్యిలని. అందరూ "మాకేం తెల్వదు బాబూ" అన్నారు. ఆ రోజుల్లో ఒక సంగతి తెలుసని చెబితే ఇంకెన్ని తెలుసో చెప్పమంటారని భయం.

ఇక మిగిలింది అక్క నోరు ఒక్కటే. అక్కడే అసలు చిక్కు. వాళ్ళలో పెనిమిటి అన్న ముందు ఆడమనిషి నోరు విప్పకూడదు. కళ్ళెత్తి చూడకూడదు. ఏదైనా చెప్పాల్సి వస్తే దర్వాజతోనో గుంజతోనో చెప్పినట్టు చెప్పాలి. ఆయన కూడా మరదలి మొహం చూసి మాట్లాడడు. పెళ్ళైన నాటి నుంచి వాళ్ళిద్దరూ నేరుగా ఒక్క మాట అనుకుని ఎరగరు. పెద్దబావ ధైర్యం అదేనని నాకు అర్థమైంది. కమిషనరు వస్తాడు, తను ఎదురుగా కూర్చుంటాడు, అక్క నోరు పెగలదు. అయిపోయింది.

"ఆ రోజు నువ్వు మాట్లాడాలె" అన్నాను అక్కతో.

"బావగారి ముందరనా? ఊరు మీదికెల్లి ఉమ్ముతది."

"మాట్లాడకపోతే జిందగంత ఆ నెయ్యన్నమే! రేపు కేసు గెలిచినంక నెయ్యి బందు, ఎల్లుండి అన్నం బందు!"

"ఒర్రకు. గోడవతల ఇంటుండ్రు" అంది. ఇంకేం చెప్పలేదు.

కమిషనరు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఆయనా పడుచు వకీలే. చేతిలో గొడుగు, చంకలో కాగితాలు. పంచులుగా, అంటే సాక్షులుగా, ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. పెద్దబావ ముందు నడుస్తూ ఇల్లంతా చూపించాడు.

"ఇది మా వంటిల్లు. ఇంట్లో ఉన్నది ఇదొక్కటే. అది వడ్ల గది."

కమిషనరు వడ్ల గదిలోకి తొంగిచూశాడు. తెల్లటి గోడలు, బస్తాలు. రాసుకున్నాడు. నేను ఆగలేక అడ్డం పడ్డాను.

"అబద్ధం! అది మా అక్క వంటిల్లు! ఇది సున్నం కాదు, మోసం..."

"మీరీ ఇంట్ల ఉంటరా?" అన్నాడు కమిషనరు.

"లేదు, కాని..."

"మరి ఊకోండ్రి. ఆమెను అడుగుత. అమ్మా, మీ ఇండ్లు వేరా, ఒకటా?"

అక్క తలుపు వెనక నిలబడి ఉంది. కొంగు చివర మాత్రం కనిపిస్తోంది. జవాబు లేదు. ఆయన మళ్ళీ అడిగాడు. లేదు. పెద్దబావ పంచె సర్దుకుని గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. కమిషనరు కాగితం మీద ఏదో రాయబోతుండగా లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది.

"ఓ దర్వాజా, నాకు దావా గీవా ఏం తెల్వదు గని, ఒక్కటి చెప్పు. నా తుమ్మకట్టెలు ఏమైనయి?"

కమిషనరు కలం ఆగింది. "ఎవరితోని మాట్లాడుతుంది ఈమె?"

"దర్వాజతోని" అన్నాడొక పంచు, అదేమీ వింత కానట్టు.

"ఆయన ఉన్నప్పుడు కొట్టించి గోడ పొంటి పేర్పించిన కట్టెలు దర్వాజా! నేను మైలల మూలకు కూసున్న. లేచి చూస్తే సగమే ఉన్నయి. ఎవల పొయ్యిలకు పోయినయో నీకే ఎరుక."

నేను తల పట్టుకున్నాను. ఇల్లు పోతుంటే ఈమె కట్టెల గురించి అడుగుతోందేమిటి! పెద్దబావ గుంజ వైపు తిరిగి, ఇంకా నెమ్మదిగానే, "ఓ గుంజా, మా ఇంట్లో కట్టెలకు కరువు లేదని చెప్పు" అన్నాడు.

"దర్వాజా, కరువు లేకపోతే, ఏనాడూ కందికట్టె తప్ప ఎరుగని పొయ్యి, మొన్న పెద్దకర్మ నాడు తుమ్మకట్టెల తీరుగ ఎందుకు మండింది? పోయిన మనిషి మంచం తీయకముందే ఆయన కట్టెలెత్తుకపోయిన చేతులు..."

లోపలి నుంచి తోటికోడలు కేక పెట్టింది. "అయ్యో అయ్యో! నన్ను దొంగను చేస్తుందే నలుగురిలో! వింటున్నరా మీరు?"

పంచులిద్దరూ పెద్దబావ వైపు చూశారు. ఒకాయన గొంతు సవరించుకుని, "కట్టెల కాడికి వచ్చిందా..." అన్నాడు చిన్నగా.

పెద్దబావ మెడ నరం ఉబ్బింది. ఆయనకు కోపం రావడం నేను చూడడం అదే మొదలు. లేచి నిలబడి, గుంజను వదిలేసి, తలుపు వైపు నేరుగా చూస్తూ అరిచాడు.

"నీ కట్టెలు మాకెందుకమ్మా? ఇన్నేళ్ళ నుంచి నీ పొయ్యి నీదే, మా పొయ్యి మాదే! నీ దొడ్లో పుల్ల ఒక్కటంటే ఒక్కటి మా పొయ్యి కిందికొచ్చిందా? వచ్చిందని చెప్పు, చెయ్యి నరుక్కుంటా! నీ కట్టెలు నీ గోడ పక్కనే వానకు తడిసి పుచ్చిపోయినయి, పోయి చూసుకో!"

కమిషనరు వంగి రాసుకుంటున్నాడు. మా వైపు ఇంటి పెద్దలు తమ్ముడి ఇల్లు మింగాడన్న మాట పడతారు, దానికి ఆచారమనో ఉమ్మడనో ఏదో పేరు దొరుకుతుంది. కట్టెపుల్ల ఎత్తుకుపోయాడన్న మాట మాత్రం పడలేరు.

పెద్దబావకు కాసేపటికి తెలిసొచ్చింది. కూర్చున్నాడు. "కోపంలో ఏదో అన్న. అది రాయకండి."

"కోపంల అన్నరని సుత రాసిన" అన్నాడు కమిషనరు. పంచులు సంతకాలు పెట్టారు.

అందరూ వెళ్ళాక అక్కను అడిగాను. "నిజంగ పోయినయా కట్టెలు?"

"పోలే? తక్కువున్నయి."

"కావాల్నని అన్నవా, నిజంగనే అడిగినవా?"

"నీకెందుకు? నువ్వు సుత రాసుకుంటున్నవా?"

నేను నొచ్చుకున్నాను. ఆ మర్నాడే వకీలు దగ్గర రాయించిన ముక్తారునామా తెచ్చి ముందు పెట్టాను. అక్క తరఫున మూడు చోట్లా నేనే తిరిగి, నేనే సంతకాలు పెట్టడానికి. అక్క సంతకం ఒక్కటి కావాలి.

"దీంతోని ఏమైతది?"

"ఏం లేదు, అంత నేను చూసుకుంట."

అక్క ఆ కాగితాన్ని మడిచి నా జేబులో పెట్టింది. "అంత చూసుకుంటనన్నోళ్ళను చూసినగా. నాతోని రా, బస్సుల నా పక్కన కూసో. సంతకం నేనే పెడ్త." నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. కానీ ఆమె తప్పు ఏదని అడిగితే చెప్పలేను.

సూర్యాపేట కోర్టు అన్నదమ్ములు వేరని తేల్చింది. ఇంట్లో సగం, మిల్లు వాటా అక్కకు వచ్చాయి. ఆ తీర్పు పట్టుకుని జగ్గయ్యపేట వైపు వెళితే, మీ కోర్టు చెప్పింది మాకు చాలదు, మళ్ళీ మొదటి నుంచి రుజువు చెయ్యమన్నారు. అక్కడ ఇత్తడి సామాను ఆయన గుండెలు తీసిన మొనగాడిలా వచ్చి కప్పు సంగతంతా చెప్పాడు. పెద్దబావ ఆ కోర్టుకు రానేలేదు. కొట్టు మొత్తం అక్కదైంది. అక్క మొదట చేయించిన పని కప్పు బాగు.

ఇంతలో పెద్దబావ వాకిట్లో నడిమికి గోడ పెట్టించాడు. సగం అంటే సగం, కొలిచి పెట్టించాడు. ఎవరూ తప్పు పట్టలేరు. నడిమిట్ల ఉన్న బావి మాత్రం గోడకు అటువైపు పడింది. ఎందుకట్లా అంటే రాయి తగిలిందట, గోడ వంకర తిప్పాల్సి వచ్చిందట. నేను కబురందుకుని కోదాడ వెళ్ళేసరికి అక్క తన వంటింట్లో పొయ్యి అలుకుతోంది. వకీలుకు ఫోను చేద్దామన్నాను. వద్దంది.

ఆ మధ్యాహ్నం గోడ అవతల చేద చప్పుడైంది. కాసేపటికి గోడ మీదికి నిండు బిందె ఒకటి వచ్చి కూర్చుంది. ఎవరు పెట్టారో కనిపించలేదు. పైదాకా చల్లటి నీళ్ళు, పొంగి గోడ మీద కారుతున్నాయి.

"పాపం, మనసు మారినట్టున్నది" అన్నాను నేను.

అక్క చేతులు కడుక్కుని లేచింది. బిందె దగ్గరికి వెళ్ళి చూసింది, ముట్టుకోలేదు. "దినాం గిట్ల పోస్తరు. కొన్ని దినాలకు, మేమే పోస్తున్నం, బావిల ఆమెకేమున్నది అంటరు." ఆ బిందెను అట్లాగే ఉంచి, మూలనున్న తన బిందె, చేంతాడు తీసుకుంది. తల మీద కొంగు సర్దుకుని వీధిలోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. వీధి చుట్టి వచ్చి పెద్దబావ గడప దాటి, ఆయన అరుగు ముందు నుంచే బావి దగ్గరికి వెళ్ళింది. ఆయన పుగాకు నలుపుతూ చూశాడు. అక్క నీళ్ళు తోడి బిందె నింపుకుని, వచ్చిన దారినే తిరిగొచ్చి గోలెంలో పోసింది.

గోలెం నిండిపోయింది. అయినా మళ్ళీ బిందె ఎత్తింది.

"నీళ్ళు సాలుతయి గదనే, ఎందుకు?"

"నీళ్ళకు కాదు" అని, మూలనున్న రెండో బిందె తీసి నా చేతికిచ్చింది.